వృథా నీళ్ళ లెక్క

గోదావరి ఏటా సముద్రం పాలు చేస్తున్న నీళ్ళెన్ని అని ఏ పార్టీ నాయకుణ్ణి నిద్రలేపి అడిగినా, 3,000 టీఎంసీలని తడుముకోకుండా చెబుతాడు. ఇంతటి ఏకాభిప్రాయం రాష్ట్రంలో మరే సంగతిలోనూ లేదు. కాబట్టి బంగాళాఖాతానికి రికవరీ నోటీసు పంపడమే మిగిలింది. అందుకు విశాఖ అనుకూలం, కలెక్టరేటు నుంచి నడిచివెళ్ళి ఇచ్చి రావచ్చు. పైగా ఈ ఊరికి పొరుగు నీళ్ళు కొత్త కాదు. ఉక్కు కర్మాగారం కోసం ఏలేరు నుంచి 150 కిలోమీటర్లకు పైగా కాలువ తవ్వారు. అది చాలక, రాజమహేంద్రవరం దగ్గర కాతేరులో గోదావరిని తోడి అందులో పోశారు. పోలవరం ఎడమ కాలువ నుంచి మరో 23.44 టీఎంసీలు రావలసి ఉంది.

అయితే నది సముద్రానికి తీసుకెళ్ళేది నీళ్ళొక్కటే కాదు, ఒండ్రు కూడా. 1970లలో ఏటా 15 కోట్ల టన్నుల దాకా వచ్చిన గోదావరి ఒండ్రు 1990లకల్లా ఆరు కోట్ల టన్నుల లోపుకు పడిపోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులే లెక్క తీశారు. 1976–2001 మధ్య డెల్టా అంచున దాదాపు 18 చదరపు కిలోమీటర్ల నేలను కడలి మింగింది. ఇందులో పెద్ద పాపం ఎగువ ఆనకట్టలదే, తరలింపు కాలువలది కాదు. నిజమే. కానీ ఒండ్రు దిగేది వరదలోనే. ‘మేం వరద నీళ్ళే తీసుకుంటాం’ అనేవారు చెయ్యి పెట్టేది సరిగ్గా అక్కడే. ఇసుక ఆగితే తీరం ఏమవుతుందో విశాఖకు ఒకరు చెప్పాలా? ఔటర్ హార్బర్ గోడలు ఉత్తరానికి నడిచే ఇసుకకు అడ్డుపడ్డాక, డ్రెడ్జర్ తవ్విన ఇసుకను ఆర్కే బీచ్‌లో పోయిస్తారు, సముద్రం పట్టుకుపోతుంది, మళ్ళీ పోయిస్తారు. గోదావరి ఇదే పని టెండరు లేకుండా చేస్తుంది. బహుశా అందుకే దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు.

మూడు వేల టీఎంసీల్లో బనకచర్ల పథకానికి రెండు వందలు తీస్తే మునిగిపోయేదేముంది అంటారు. ఆ మూడు వేలలో అధికభాగం వానాకాలపు నాలుగు నెలలదే. ఎండాకాలంలో ధవళేశ్వరం దిగువన నది సన్నబడి ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. పైగా ఆ మిగులు మీదే పట్టిసీమ, పురుషోత్తపట్నం, ఉత్తరాంధ్ర సుజల స్రవంతి, బనకచర్ల, ఢిల్లీవారి గోదావరి–కావేరి అనుసంధానం, ఈ పథకాలన్నీ కన్నేశాయి. ఒకే పొలాన్ని ఐదుగురికి తాకట్టు పెట్టినవాణ్ణి ఊళ్ళో ఏమంటారో తెలుసు, ఇక్కడ మాత్రం దార్శనికుడంటారు. 200 టీఎంసీల బనకచర్ల ప్రతిపాదనను కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ 2025 జూన్‌లో వెనక్కి పంపింది. నదుల అనుసంధానంతో ఇప్పటికే నీటి ఎద్దడి ఉన్న కొన్ని ప్రాంతాల్లో సెప్టెంబరు వాన 12 శాతం దాకా తగ్గవచ్చని 2023లో ఐఐటీ బాంబే పరిశోధకులు తేల్చారు. ఇది కలిసొచ్చే సంగతే, ఆ లోటు తీర్చడానికి ఇంకో కాలువ తవ్వొచ్చు.

మరి దాహం సంగతి? విశాఖ గొంతులు తడవొద్దనేవాడు ఎవడూ లేడు. అడిగేదల్లా వరుస: ముందు మేఘాద్రిగెడ్డ జలాశయాన్ని కాపాడుకుని, మురుగును శుద్ధిచేసి పరిశ్రమలకిచ్చి, అప్పటికీ తక్కువైతే పక్క నది వైపు చూడమని. ఇప్పటికే రైవాడ జలాశయం నీళ్ళు నగరానికి పోతున్నాయని శారదా నది రైతులు మొత్తుకుంటూనే ఉన్నారు. ఇక బీచ్ రోడ్డు కాలువల గుండా రోజూ సముద్రంలోకి దిగే మురుగు నీళ్ళను ఇంతవరకు ఏ నాయకుడూ ‘వృథా’ అనలేదు.