పికప్ బావగారు

మినియాపొలిస్ చుట్టుపక్కల తెలుగువాళ్ళలో ఆయన అసలు పేరు తెలిసినవాళ్ళు నలుగురైదుగురుంటే గొప్ప. వాళ్ళావిడ ఎదురుపడిన ప్రతి మగవాణ్ణీ "అన్నయ్యగారూ" అంటుంది. అందుచేత ఆయన మా అందరికీ బావగారైపోయాడు. ఊళ్ళో బావగార్లు ఇంకా ఉన్నారు కాబట్టి, ఆనవాలుకు ముందు పికప్ తగిలించాం.

ఆ పికప్ డీజిలు బండి. పడమటి మిన్నెసోటాలో మొక్కజొన్నా సోయా పండించే ఒక రైతు పదిహేనేళ్ళు తోలి, ఇక చాలనుకుని అమ్మేస్తే ఈయన కొన్నాడు. గరాజులోకి దూర్చి తలుపు దించితే ఇంకా మూడడుగులు బయటే ఉంటుంది. కాబట్టి గరాజులో చెల్లెమ్మ కారు, ఆవకాయ జాడీలు, పిల్లల పాత సైకిళ్ళు సుఖంగా ఉంటాయి. బండి మాత్రం వాకిట్లో మంచు కప్పుకుని పడుకుంటుంది. "ఎద్దునైనా రాత్రిపూట కొట్టంలో కడతారు కదండీ" అని చెల్లెమ్మ ఒకసారి అన్నది. బండి మీద జాలితో అన్నదో, కొన్నవాడి మీద కోపంతో అన్నదో తెలియలేదు.

బండి ఆయనదే గానీ ఊరుమ్మడి. వినాయకచవితికి విగ్రహం ఊరేగేది దాని మీదే. ఎవరు ఇల్లు మారినా పరుపులూ సోఫాలూ వెళ్ళేది దాని మీదే. పుట్టినరోజు పార్టీకి బిరియానీ గిన్నెలు దాన్లోనే వస్తాయి. ఇదంతా ఎండాకాలపు సేవ. బావగారి అసలు అవతారం అక్టోబరులో మొదలవుతుంది.

ఆయన పుట్టింది రెంటచింతలలో. మే నెల వచ్చిందంటే ఎండల వార్తల్లో పేరు కనిపించే రెంటచింతలే. చిన్నప్పుడు ఆయన గడ్డకట్టగా చూసిన పదార్థం కొబ్బరినూనె ఒక్కటే, అదీ సంక్రాంతి ముందు తెల్లవారుజామున కాసేపు. అలాంటి మనిషికి మైనస్ 30లో వచ్చే సకల యంత్ర వ్యాధుల మీదా ఇంత అధికారం ఎలా వచ్చిందో ఆశ్చర్యం. ఇప్పటికీ వాళ్ళమ్మగారికి ఫోన్లో ఇక్కడి చలి సంగతి చెబితే, "ఫ్యాను ఆపి పడుకో నాయనా" అంటుందట.

అక్టోబరులో ఆకులు రంగు మారగానే మేమంతా ఫోటోలు తీసుకుంటాం. బావగారు బానెట్లు ఎత్తుతాడు. ఏ ఇంట్లో విందయినా ముందు వాకిట్లో ఉన్న కార్లన్నీ ఒక చుట్టు చుట్టి గాని లోపలికి రాడు. కొత్తగా ఊళ్ళోకి వచ్చిన కుర్రాడు కనబడితే పెళ్ళిచూపుల్లో గోత్రం అడిగినట్టు అడుగుతాడు.

"నీ బ్యాటరీకి సీసీయే ఎంత?"

కుర్రాడు తెల్లమొహం వేస్తాడు. బావగారికి కావలసిందీ అదే. "సున్నా ఫారెన్‌హీట్‌లో, అంటే మన మైనస్ 18లో, 30 సెకన్లపాటు, వోల్టేజి 7.2కి తగ్గకుండా ఎన్ని ఆంపియర్లు ఇస్తుందో ఆ లెక్క. బ్యాటరీ అంటే లోపల రసాయనం నాయనా. చలికి అది ముడుచుకుంటుంది. సరిగ్గా అదే వేళకి ఇంజన్లో ఆయిలు ఆముదంలా చిక్కబడి, తిప్పడానికి రెట్టింపు బలం కావాలంటుంది. ఇచ్చేవాడి దగ్గర తగ్గుతుంది, అడిగేవాడికి పెరుగుతుంది. మధ్యన నలిగేది ఎవరు? సెల్ఫ్ మోటారు!" అని ఆ మోటారు తన సొంత మేనల్లుడైనట్టు నిట్టూరుస్తాడు. ఆయిలు డబ్బా మీది 5డబ్ల్యూలో డబ్ల్యూ అంటే వెయిటు అన్నవాడితో ఒకసారి పెళ్ళి భోజనాల దగ్గర గొడవేసుకున్నాడు. అది వింటర్ అని ఆయన వాదన. నిజమే, వింటరే. కానీ అవతలివాడు పెళ్ళికొడుకు మేనమామ.

మనవైపు పెద్దలు 1977 ఉప్పెనకు ముందు, ఉప్పెన తరవాత అని కాలాన్ని కొలిచినట్టు బావగారు 2019 జనవరి 30తో కొలుస్తాడు. ఆ రోజు మినియాపొలిస్‌లో మైనస్ 28 ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో మైనస్ 33. ఉత్తరాలు పంచేవాళ్ళు కూడా రాష్ట్రమంతా పంపిణీ ఆపేశారు. "పోస్టు ఆగింది గాని పికప్ ఆగలేదు" అంటాడు. ఇదే రాష్ట్రంలో టవర్ అనే ఊళ్ళో 1996 ఫిబ్రవరి 2న మైనస్ 60 ఫారెన్‌హీట్ దాకా దిగిందని గుర్తుచేస్తే మాత్రం కాస్త చిన్నబుచ్చుకుంటాడు. అప్పటికి తాను రాలేదన్నదే ఆ బాధ.

ఇక అసలు సన్నివేశం. తెల్లవారకముందు ఎవరి కారో మొరాయిస్తుంది. బీమా కంపెనీకి ఫోన్ చేస్తే మనిషొచ్చి ఇరవై నిమిషాల్లో స్టార్ట్ చేసి పోతాడు. కానీ తెలుగువాడు బావగారికి చేస్తాడు.

"సెల్ఫ్ కొడితే ఏమంటోంది?" ఇది మొదటి ప్రశ్న. నాడి చూడడం.

"స్టార్ట్ కావట్లేదు బావగారూ."

"కావట్లేదని తెలుస్తూనే ఉంది. ఏమంటోంది? టకటకటక అంటోందా, ఒక్కసారి టక్కుమని ఊరుకుంటోందా, ఊఁ... ఊఁ... అని మూలుగుతోందా, అసలు ఉలుకూ పలుకూ లేదా?"

టకటకలయితే బ్యాటరీలో బలం లేదు, లేదా దాని కొమ్ముల మీద తెల్లటి బూజు పట్టింది. ఒక్క టక్కుకే ఆగితే సెల్ఫ్ మోటారు మీద అనుమానం. మూలిగితే చలి, చిక్కటి ఆయిలు. జోరుగా తిరుగుతూ అందుకోకపోతే ఇంధనం రావట్లేదు. లెక్క సరైనదే. చిక్కల్లా ఆ శబ్దాన్ని నోటితో చేసి చూపించమంటాడు. చేతికింద నలభైమంది ఉన్న ఒక డైరెక్టరుగారు నైటు ప్యాంటు మీద నడివీధిలో నిలబడి ఫోన్లో "ఊఁ... ఊఁహు... ఊఁ" అంటుంటే, కుక్కని తిప్పుకుంటున్న పొరుగు అమెరికా ముసలావిడ అంబులెన్సుని పిలవబోయింది.

రోగనిర్ధారణ ఫోన్లోనే అయిపోయినా ఆయన రాక మానడు. పికప్ వెనక తొట్టిలో, సరిగ్గా వెనక ఇరుసు మీద, సోనామసూరి బస్తాలు ఆరు. ఖాళీ పికప్‌కి వెనక భాగం తేలిక. తిరిగే చక్రాలేమో వెనకవి. మంచులో పట్టు దొరక్క జారతాయి. అందుకని ఇక్కడివాళ్ళు ఇసక బస్తాలు వేసుకుంటారు. బావగారు బియ్యం వేస్తాడు. ఒక్కోటి 20 పౌన్లు, మొత్తం 54 కిలోల పైచిలుకు. "ఇసకైతే వసంతం వచ్చాక ఏం చేసుకుంటాం?" అంటాడు. ఏప్రిల్ నుంచి చెల్లెమ్మ ఆ బస్తాలు ఒక్కొక్కటే విప్పుతుంది. ఆ చలికి పురుగు బతకదు కాబట్టి బియ్యానికి ఎండబెట్టే పని కూడా లేదు.

వచ్చీ రాగానే కేబుళ్ళు తగిలించడు. ముందు బ్యాటరీ డొక్కలు తడిమి చూస్తాడు. శక్తి పూర్తిగా దిగిపోయిన బ్యాటరీలో మిగిలేది దాదాపు నీళ్ళే గనక మైనస్ 7 దాటితే గడ్డకడుతుంది. నిండా ఛార్జి ఉన్నది మైనస్ 50కి కూడా జంకదు. గడ్డకట్టినదానికి కరెంటు ఎక్కిస్తే పేలుతుంది. అది తేలాక తంతు మొదలు. ఎర్రది ప్లస్సుకీ ప్లస్సుకీ, నల్లది మంచి బ్యాటరీ మైనస్సుకి, చివరి నల్ల కొస చచ్చిన బ్యాటరీకి కాదు, ఇంజను ఇనుముకి. బ్యాటరీ హైడ్రోజన్ వదులుతుంది, దాని ముక్కు దగ్గర నిప్పురవ్వ పుట్టకూడదు. పురోహితుడు పెళ్ళికొడుకు చెయ్యి పట్టుకుని అక్షతలు వేయించినట్టు, మన చెయ్యి పట్టుకుని ఆ కొస మనచేతే పెట్టిస్తాడు.

ఇక్కడొక రహస్యం చెప్పాలి. బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటే బావగారి మొహం వాడిపోతుంది. "ఇంతేనా" అన్నట్టు బానెట్ వైపు చూస్తాడు. టీ కూడా సగమే తాగుతాడు. అదే రెండు గంటలు ఏడిపించి, ముగ్గురిని పోగుచేయించి, ఫిల్టరు దాకా విప్పించిన బండయితే వారం రోజులు దాని కథే. రెంటచింతలలో వాళ్ళ నాన్నగారి ట్రాక్టరు ఎప్పుడు ఆగినా అరుగుల మీదివాళ్ళంతా లేచొచ్చి తలో చెయ్యీ వేసేవాళ్ళట. "ఇక్కడన్నీ ఆటోమేటిక్ గేర్లు బావా. తోస్తే లాభం లేదు. తోయడానికి లేని బండి మీద ఊళ్ళోవాళ్ళకి ప్రేమ ఎలా పుడుతుంది?" అని ఒకసారి దిగులుగా అన్నాడు.

ఆయన కోప్పడగా నేను చూడలేదు. మా అమ్మ వచ్చిన చలికాలం, కారు అద్దం మీద మంచు పేరుకుందని నాకు సాయంగా బకెట్టుడు వేణ్నీళ్ళు కుమ్మరించింది. ఈ చివర నుంచి ఆ చివరకి చిటపటమంటూ పగులు పాకింది. బావగారు వచ్చి చూసి, "అత్తయ్యగారూ, అద్దానికి తలంటు పోశారా?" అన్నాడు. ఆ తరవాత అరగంట సేపు వేడికి గాజు ఒక పక్కే సాగడం ఎందుకు ప్రమాదమో మా అమ్మకి వివరించాడు. డీజిలు సంగతి కూడా ఆ ఊపులోనే చెప్పాడు. డీజిల్లో మైనం ఉంటుంది, చలికి అది నెయ్యిలా పేరుకుంటుంది, ఫిల్టరులో అడ్డం పడుతుంది, అందుకని చలికాలం పల్చటి ఒకటో నంబరు డీజిలు కలుపుతారు, మిన్నెసోటాలో వేసవిలో నూటికి 20 పాళ్ళు కలిపే బయోడీజిలు కూడా చలికాలం 5కి దింపేస్తారు. అన్నీ విని మా అమ్మ, "పాపం, గిన్నెని కాస్త పొయ్యి పక్కన పెట్టుకోకూడదూ?" అంది. "పెడతాం అత్తయ్యగారూ! దాన్నే బ్లాక్ హీటరంటారు!" అని బావగారు పొంగిపోయాడు. ఇంతమందికి చెప్పాను, అర్థమైంది మీకొక్కరికే అన్నాడు.

బ్లాక్ హీటరు ఆయన ఇలవేల్పు. ఇంజనుకి తగిలించే కరెంటు పొయ్యి అది. పికప్ ముందు జాలీ లోంచి దాని వైరు దప్పిగొన్న కుక్క నాలికలా వేలాడుతుంటుంది. దాన్ని గోడ ప్లగ్గుకి తగిలిస్తే మూడు నాలుగు గంటల్లో ఇంజను గోరువెచ్చనవుతుంది. ఇలాంటి హీటరుకి 1949లో పేటెంటు పొందినవాడు పక్క రాష్ట్రం నార్త్ డకోటాలో, గ్రాండ్ ఫోర్క్స్ ఊరి ఆండ్రూ ఫ్రీమన్. గోదావరివాళ్ళకి కాటన్ దొర ఎంతో బావగారికి ఫ్రీమన్ అంత. పూజగదిలో పటం పెట్టలేదు గాని, పెట్టినా ఆశ్చర్యపోను.

మొన్న జనవరిలో ఒక శనివారం, మైనస్ 22 ఫారెన్‌హీట్, పొద్దున్న ఆరున్నరకి ఫోన్ చేశాడు.

"ఏం బావా, నీ బండి స్టార్ట్ అయిందా?"

"అయింది బావగారూ."

కాసేపు నిశ్శబ్దం. "అయితే ఒకసారి ఇటు తీసుకురా. శబ్దం ఏదో తేడాగా ఉండుంటుంది, విని చెబుతా."

వెళ్ళేసరికి శబ్దం తేడాగా ఉన్న కార్లు అప్పటికే మూడు వచ్చి ఉన్నాయి. పికప్ బానెట్ ఎత్తి ఉంది. చలికి కనుబొమల మీద తెల్లటి నూగుతో బావగారు ఆ పక్కన నిలబడ్డాడు. ఎవరూ ఏమీ అడగలేదు. చివరికి ఆ డైరెక్టరుగారే గొంతు సవరించుకున్నాడు.

"సెల్ఫ్ కొడితే ఏమంటోంది బావగారూ?"

బావగారు తలదించుకుని, "ఊఁ... ఊఁ..." అన్నాడు.

ఇక మేం ఆగలేదు. ఒకడు బ్యాటరీ డొక్క తడిమాడు. ఒకడు డీజిలు పేరుకుందన్నాడు. గ్లో ప్లగ్ దీపం ఆరేదాకా ఆగారా అని నేనడిగాను. ఆ దీపం పేరు నాకు నేర్పింది ఆయనే. చివరికి ఇంజను మీద చెయ్యి వేసి చూస్తే మంచుగడ్డలా ఉంది. "హీటరు రాత్రి రెండింటికి వెలిగేలా టైమరు పెట్టాను కదా!" అంటూ గోడవైపు తిరిగాడు. గోడకి ప్లగ్గు ఉంది. ప్లగ్గులో ఏమీ లేదు. టైమరు లేదు, నారింజరంగు పొడుగు వైరు లేదు.

వైరు వంటింటి పక్క సామాన్ల గదిలో దొరికింది. టైమరుతో సహా. దాని కొసన, ఎవరి కోసమో బావగారు కొని బిగించడానికి రేపు మాపు అంటున్న బ్యాటరీ దుప్పటి. దుప్పటి లోపల పెద్ద స్టీలు గిన్నె.

"రెండు రోజులైంది అన్నయ్యగారూ, ఈ చలికి పిండి పులిస్తేగా!" అంది చెల్లెమ్మ. "అట్టపెట్టె మీద వెచ్చగా ఉంచుతుందని రాసి ఉంది, చుట్టాను. ఆయన టైమే ఉంచేశాను, రెండింటి నుంచి ఆరింటిదాకా. మరీ పులవకూడదు కదా."

బావగారు మూత తీశాడు. పిండి అంచుదాకా పొంగి ఉంది. వేలితో మెల్లగా నొక్కాడు, వాసన చూశాడు, మూత పెట్టేశాడు.

"ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది" అన్నాడు.

వైరు తెచ్చి బండికి తగిలించాం. మూడు గంటలు పడుతుంది. కేబుళ్ళు పెడదామా అంటే, ఇంత చల్లటి డీజిలు ఇంజనుని కంగారుపెట్టకూడదన్నాడు. ఎవరూ ఇంటికి వెళ్ళలేదు. నాలుగో వాయి దోసెలు పెనం మీద ఉండగా ఆయన ఫోన్ మోగింది. ఎవరో కుర్రాడు, యూనివర్సిటీ పక్కన, కారు కదలట్లేదట. బావగారు దోసె పట్టుకున్న చెయ్యి గాలిలో ఆపి, కళ్ళు మూసుకుని, అవతలి శబ్దం విన్నాడు.

"ఆ టకటక ఇంకోసారి చెయ్యి... ఊఁ, సరే. బానెట్ ఎత్తి ఉంచు, వస్తున్నా."

కిటికీలోంచి తన పికప్ వైపు ఒకసారి చూశాడు. తరవాత నా తాళాలు తీసుకుని, "నీ బ్యాటరీకి సీసీయే ఎంతన్నావు బావా?" అంటూ, రెండు బియ్యం బస్తాలు భుజానికెత్తుకుని నా కారు వైపు నడిచాడు.