పది వేళ్ళ మేస్త్రి

రాజమండ్రి కలప అడితుల వెనక వీధిలో ఆ మేస్త్రిది చిన్న షెడ్డు. పాపికొండల కలప తెప్పలుగా గోదారి మీద దిగిన రోజుల్లోనే వాళ్ళ నాన్న బాడిస పట్టాడు. పని సంగతికొస్తే కొడుక్కీ వంక పెట్టలేం. ఆయన బిగించిన ద్వారబంధం మూల అతుకులో గోరు దూరదు. చిత్రిక పట్టాడంటే చెక్క మీద చెయ్యి జారిపోవాల్సిందే.

ఇప్పుడు కోతంతా మార్బుల్ కట్టర్ మీదే. పేరుకది రాయి కోసేది. దానికి చెక్క కోసే పళ్ళ బ్లేడు బిగించి, ప్లైవుడ్ బల్ల కింద తలకిందులుగా కట్టేసి, స్విచ్ నొక్కి లాక్ చేసేస్తారు. గార్డు ఉంటే బ్లేడు బల్ల పైకి రాదు, కోత లోతుగా దిగదు. అందుకని ముందు పక్కన పెట్టేది దాన్నే. నిమిషానికి 12 వేల చుట్లు తిరిగే పళ్ళు బల్ల మీద బోసిగా మెరుస్తుంటాయి.

ఓసారి మాటల్లో అమెరికా రంపం సంగతి చెప్పాను. స్టీఫెన్ గాస్ అనే ఆయన 1999లో కనిపెట్టాడు. చర్మం తగిలితే చాలు, 5 మిల్లీసెకన్లలో బ్లేడు ఆగిపోతుంది. అలాంటి ఏర్పాటు లేని రంపం మీద చెయ్యి పాడైన పనివాడికి కంపెనీ 15 లక్షల డాలర్లు ఇవ్వాలని 2010లో బోస్టన్ జ్యూరీ తేల్చింది కూడా.

మేస్త్రి నవ్వేశాడు. "ఏలు పెట్టినోడికి డబ్బులేంటండీ! బాడిసకేం బ్రేకుందండి? మా నాన్న చెక్కని కాలి బొటనేలితో తొక్కిపట్టి చెక్కేవోడు. ఎవడి ఒళ్ళు ఆడే చూసుకోవాలండి, ఆయ్" అంటూ రెండు చేతులూ చాచి చూపించాడు. పదీ ఉన్నాయి. ఉండవా మరి? ఆ కట్టర్ మీద కోత ఆయన కొయ్యడు, కుర్రాడు కోస్తాడు.

శ్రావణం పెళ్ళిళ్ళ మంచాల ఒత్తిడిలో కుర్రాడి చూపుడువేలు పోయింది. టేకులో ముడి తగిలి చెక్క ఎగిరింది, పట్టు తప్పిన చెయ్యి బ్లేడు మీదికి పోయింది.

1923 నాటి పరిహారం చట్టంలో వేలికింతని పట్టికే ఉండేది. చూపుడువేలు మొత్తం పోతే సంపాదించే శక్తిలో 14 శాతం పోయినట్టు లెక్క. ఆ చట్టంలోనే ఇంకో మాటా ఉండేది: పనివాడు కావాలని గార్డు తీసేసి దెబ్బ తగిలించుకుంటే ఇలాంటి గాయానికి యజమాని పూచీ ఉండదు. మొదటి మాట కుర్రాడి తండ్రి ఎవరిచేతో చదివించుకొచ్చాడు. రెండోది మేస్త్రికి ఎవరు ఊదారో!

నలుగురు పెద్దల ముందు మేస్త్రి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు. "కొడుకులా చూసుకున్నానండి. గార్డు తియ్యొద్దురా అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. పీకి ఏ గోదాట్లో పారేశాడో ఏంటో!" కుర్రాడు ఏదో అనబోయాడు. వాళ్ళ నాన్న ఆపేశాడు. ఆసుపత్రి ఖర్చులిప్పించి, ఇంతటితో సరిపెట్టుకోమన్నారు పెద్దలు.

దసరా వెళ్ళాక కుర్రాడు సొంతంగా పని పెట్టుకుంటానన్నాడు. మేస్త్రి మనసు కరిగింది. ఆ కట్టర్నే సగం ధరకిస్తానన్నాడు. కిటికీ రెక్కల కోసం వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. నోట్లు రెండుసార్లు లెక్కపెట్టుకుని మేస్త్రి లోపలికెళ్ళాడు. బీరువా తాళం తీసిన చప్పుడు. ఓ అట్టపెట్టె పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో గార్డు. కంపెనీ కవరైనా చింపలేదు. కవరు మీద ఏటా ఆయుధపూజకి పెట్టిన బొట్లు, ఒకదాని పక్కన ఒకటి, నాలుగున్నాయి.

కుర్రాడు నాలుగు వేళ్ళ చెయ్యి చాచాడు. మేస్త్రి పెట్టె వెనక్కి లాక్కున్నాడు.

"మిషనంటే నీ చేతిలో అరిగిందిరా, అందుకే సగానికిచ్చాను. ఇది కొత్తది. దీనికి వేరే ఇయ్యాలి."