పిల్లి తలకిందులైంది సార్!

జాతీయ విద్యా విధానం 2020 జూలై 29న బయటికొచ్చింది. ఆరో తరగతి నుంచే పిల్లలకు కోడింగ్ రుచి చూపించాలని అందులో ఒక మాట ఉంది. వారం తిరిగేసరికి బైజూస్ వాళ్లు వైట్‌హ్యాట్ జూనియర్ అనే కోడింగ్ ట్యూషన్ల కంపెనీని 30 కోట్ల డాలర్లకు కొనేశారు. ఆ కంపెనీ ప్రకటనల్లో వోల్ఫ్ గుప్తా అని ఒక పిల్లాడుండేవాడు, గుర్తుందా? కోడింగ్ నేర్చుకుని గూగుల్‌లో కోట్ల జీతం కొట్టేశాడు. ఒక ప్రకటనలో ఒక వయసు, ఇంకో దాంట్లో ఇంకో వయసు. జీతమూ అంతే. తీరా ఆరా తీస్తే అసలు అలాంటి పిల్లాడే లేడు.

ప్రైవేటువాళ్లు లేని పిల్లాణ్ని పుట్టించారు. సర్కారువాళ్లు తక్కువ తిన్నారా, లేని టీచర్‌ను పుట్టిస్తున్నారు. ఒక పూట ట్రైనింగ్‌కు పోయొచ్చి మర్నాడు పొద్దున్నే కోడింగ్ పాఠం మొదలుపెట్టే టీచర్‌ను!

2025 జూన్‌లో తెలంగాణ విద్యాశాఖ ఆరు స్వచ్ఛంద సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. అందులో పైజామ్ ఫౌండేషన్ వంతుకు కోడింగ్ వచ్చింది. సంస్థలతో నాకు పేచీ లేదు. పిల్లలకు కోడింగ్ నేర్పే స్క్రాచ్‌తో అసలే లేదు. ఎంఐటీ మీడియా ల్యాబ్‌లో మిచెల్ రెస్నిక్ బృందం 2007లో జనం ముందుకు తెచ్చిన స్క్రాచ్‌కు పైసా ఖర్చు లేదు, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకున్నా నడుస్తుంది. రంగురంగుల బ్లాకులు ఒకదానికొకటి తగిలిస్తే తెర మీద పిల్లి కదులుతుంది. పేచీ అంతా దాన్ని టీచర్లకు ఎక్కించే పద్ధతితోనే.

ఆ పద్ధతి మన టీచర్లకు కంఠతా వచ్చు. హైదరాబాద్‌లో కొందరు వింటారు. వాళ్లు జిల్లా ఆర్పీలకు, అంటే రిసోర్స్ పర్సన్లకు, చెప్తారు, జిల్లా ఆర్పీలు మండల ఆర్పీలకు చెప్తారు. దేవరకొండకో మక్తల్‌కో చేరేసరికి ఐదు రోజుల సరుకు ఒక పూటకు కుదించుకుపోతుంది. ఆ పూటలోనూ సంతకాలు, ప్రీటెస్టు, చాయ్, గ్రూప్ ఫొటో పోను మిగిలిందే కోడింగ్.

ఎమ్మార్సీ (మండల రిసోర్స్ సెంటర్) హాల్లో ఆ మిగిలిన గంట ఎలా సాగుతుందో చూడండి. నలుగురికో లాప్‌టాప్. కీబోర్డు ముందు కూర్చున్న సారు నొక్కుతాడు, మిగతా ముగ్గురు చూస్తారు. 'పచ్చ జెండా పెట్టండి, దాని కింద ఫరెవర్ పెట్టండి, లోపల మూవ్ టెన్ స్టెప్స్, దాని కింద ఇఫ్ ఆన్ ఎడ్జ్ బౌన్స్' అని ఆర్పీ చెప్తుంటే డిక్టేషన్ రాసినట్టు పెట్టేస్తారు. జెండా నొక్కగానే పిల్లి ఉరికి అంచుకు తగులుతుంది, వెనక్కి తిరుగుతుంది. కాళ్లు పైకి, తల కిందికి.

'సార్, పిల్లి తలకిందులైంది.'

'గట్లనే అయితది మేడం, ముందుకు పోదాం.'

ఇదీ మన కోడింగ్ శిక్షణ. ఆ గంట మొత్తంలో పాఠం అనదగ్గది ఆ తలకిందులైన పిల్లి ఒక్కటే. పిల్లి మొదట 90 డిగ్రీల దిక్కున, అంటే కుడికి చూస్తుంటుంది. అంచు తగిలితే దిక్కు మైనస్ 90కి మారుతుంది. బొమ్మను ఎటైనా తిప్పొచ్చని సెట్టింగు ఉంది కాబట్టి యంత్రం దాన్ని నిక్కచ్చిగా 180 డిగ్రీలు తిప్పింది. చెప్పింది చెప్పినట్టు చేసింది. ఎడమ కుడి మాత్రమే తిరగమంటే సరిపోతుంది. ఆ మేడాన్ని ఇంకో పదినిమిషాలు తంటాలు పడనిస్తే తనే పట్టుకునేది. ఆమె లెక్కల టీచరైతే మరీ మంచిది. స్క్రాచ్ తెర అడ్డంగా 480, నిలువుగా 360, నట్టనడుమ సున్నా. ఏడో తరగతిలో పిల్లలు కిందామీదా పడే రుణ సంఖ్యలు అక్కడ పిల్లి నడిచే నేల. స్క్రాచ్‌కు మూలపురుషుడైన సీమోర్ పాపర్ట్ 1960ల చివర లోగో మొదలుపెట్టిందీ అందుకే: పిల్లలు తప్పు చేసి, ఆ తప్పును తామే వెతుక్కుంటూ లెక్కలు నేర్వాలని. మన ట్రైనింగ్‌లో మాత్రం తప్పు చేయడానికి టైమ్‌టేబుల్ ఒప్పుకోదు.

పోనీ, ఇదే మొదటిసారా? 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5000 హైస్కూళ్లకు కంప్యూటర్లొచ్చాయి. చెప్పడానికి కాంట్రాక్టు ఇన్‌స్ట్రక్టర్లొచ్చారు. ఐదేళ్ల ఒప్పందం 2013లో తీరింది, చెప్పేవాళ్లు ఇంటికి పోయారు, పెట్టెలు మిగిలాయి. వాటి మీద దుమ్ము దులిపే పోస్టు కూడా ఎవరూ మంజూరు చేయలేదు. ఆ లెక్క ఎవరు తేల్చారు? ఎవరూ తేల్చలేదు. కొత్త పథకం వేళ పాత పథకం గురించి అడిగితే అపశకునం.

ఇక టీచర్ తీరిక సంగతి. 2024 నవంబర్‌లో ఎస్‌జీటీలు (సెకండరీ గ్రేడ్ టీచర్లు) ఒంటిపూట బడి చెప్పి, మధ్యాహ్నం ఇంటింటికీ తిరిగి 75 ప్రశ్నల కుల సర్వే చేశారు. 2025 ఆగస్టు నుంచి సెల్‌ఫోన్‌కు మొహం చూపిస్తేనే హాజరు. అదే ఏడాది సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు, ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలినవాళ్లంతా రెండేళ్లలో టీచర్ల అర్హత పరీక్ష టెట్ పాసవ్వాల్సిందే అంది. ఇరవై ఏళ్లుగా పాఠం చెప్తున్న సారు ఇప్పుడు రాత్రిపూట బాలవికాసం బిట్లు బట్టీ పడుతున్నాడు. ఆయన చేతిలో ఫరెవర్ బ్లాకు పెట్టి 'సృజనాత్మకంగా ఆలోచించండి సార్' అంటారు. పిల్లల సంగతికొస్తే, గద్వాల వైపు పత్తి విత్తనాల క్రాసింగ్ మొదలైతే బెంచీలు ఖాళీ అయ్యే ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఆ చేలల్లో పొద్దంతా అదే పని మళ్లీ మళ్లీ చేసే పిల్లలకు లూప్ అంటే ఏమిటో ఏ ఆర్పీ చెప్పనక్కర్లేదు.

చేయాలనుకుంటే దారి లేక కాదు. ఇద్దరు టీచర్లకో మెషీన్ ఇచ్చి, ఇంటికి తీసుకుపోనివ్వండి. ఏ ప్రాజెక్టు చేయాలో చెప్పకండి. నెల తర్వాత మళ్లీ పిలిచి, నడవని ప్రోగ్రాములే పట్టుకురమ్మనండి. నడిచినవి వద్దు, వాటిని వాట్సాప్‌లో చూసుకుందాం. ఆ రోజంతా ఎందుకు నడవలేదో కలిసి వెతుక్కుంటారు. ఈ మాట ఒక ఆఫీసరు చెవిన వేస్తే ఆయన తల పంకించి, చాలా బాగుందన్నాడు. కానీ తప్పులు పట్టుకొచ్చిన టీచర్లకు ఆన్‌డ్యూటీ ఏ పద్దు కింద ఇవ్వాలో ఉత్తర్వుల్లో లేదట.