ఇటు చూడు బంగారం!

మన ఇళ్ళలో పిల్లల ఫొటో ఒక్కరితో అయ్యే పని కాదు. ఫోన్ పట్టుకునేది ఒకరైతే, వెనక నిలబడి తాళాలగుత్తి ఆడించేది ఒకరు, "కాకి చూడు, కాకి!" అని చప్పట్లు కొట్టేది ఇంకొకరు. పిల్ల తాళాలు చూడాలా, కాకిని చూడాలా, ఫోన్ చూడాలా? పాపం, న్యాయంగా అన్నివైపులా చూస్తుంది. ఆఖరికి తీర్పేమిటంటే, "దీనికి ఫొటో ముఖం లేదండీ!"

ముఖానికేం, లక్షణంగా ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెడితే ఎంత అందగత్తెకైనా కళ్ళ కింద నల్లగుంటలు పడతాయి, కళ్ళు చికిలించుకుపోతాయి. "వెలుతురు బ్రహ్మాండంగా ఉంది కదా" అంటారు మా బావగారు. ఉంది, వడియాలు పెట్టుకోవడానికి. ఫొటోకి చెట్టునీడ మేలు. నీడ అంచుకు తెచ్చి, ముఖం వెలుగువైపు తిప్పితే చాలు. ఆకుల సందుల్లోంచి ఎండచుక్కలు బుగ్గల మీద పడకుండా మాత్రం చూసుకోవాలి.

విశాఖ ఆర్కే బీచ్‌లో మా మామయ్యకో కోరిక: మనవరాలి వెనక, సముద్రంలోకి దిగుతున్న సూర్యుడు కావాలి. బంగాళాఖాతం మనకు తూర్పున కదా, సూర్యుడు అక్కడ లేచేవాడే గాని పడుకునేవాడు కాదు. సాయంత్రం ఊరివైపు దిగుతాడు. నిజానికి మనకదే లాభం. పిల్ల సముద్రానికి వీపు పెట్టి నిలబడితే చల్లబడిన ఎండ నేరుగా ముఖం మీదికొస్తుంది. మామయ్య ఒప్పుకోలేదు. సినిమాల్లో చూశాడట.

తర్వాత ఆయనే ఫోన్ తీసుకుని పిల్ల ముఖానికి జానెడు దూరంలో పెట్టాడు. ఫోన్ మామూలు లెన్సు వెడల్పు లెన్సు. అంత దగ్గర్నుంచి తీస్తే ముక్కు ముందుకొస్తుంది, చెవులు వెనక్కిపోతాయి. అత్తయ్య చూసి "అచ్చం మీ పోలికే" అంది. నాలుగడుగులు వెనక్కి వెళ్ళి 2ఎక్స్ నొక్కితే పోలిక మళ్ళీ తల్లిదే. ఇంకో సంగతి, నిలబడి తీస్తే పిల్లలు పెద్ద తలా పొట్టి కాళ్ళుగా పడతారు. వాళ్ళ కళ్ళ ఎత్తుకు మనమే దిగాలి, వ్రతానికి కూడా కుర్చీ అడిగే మోకాళ్ళయినా సరే. అన్నిటికంటే ముందు లెన్సు తుడవాలి. బజ్జీ తిన్న వేలు తగిలితే ఎండాకాలంలోనూ పొగమంచే.

పోర్ట్రెయిట్ మోడ్ వెనకున్న చెత్తకుండీని మసక చేస్తుంది, కాదనను. ఒక్కోసారి దాంతోపాటు ఎగిరే ముంగురుల్నీ, జడలో కనకాంబరాన్నీ మింగేస్తుంది.

నన్నడిగితే చుట్టూ ఉన్న బలగాన్ని టీకి పంపేసి, పిల్ల చేతికి కాల్చిన మొక్కజొన్న పొత్తు ఇచ్చి, "నవ్వు" అనే మాట ఎత్తకుండా వరసగా తీసుకుంటూ పోవడమే. అలా దొరికింది నాకొకటి: మూతినిండా మసి, పంటి సందున గింజ, కళ్ళల్లో ప్రపంచాన్ని గెలిచిన ధీమా.

ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. మొదటి జవాబు మా పెద్దత్త దగ్గర్నుంచి: "దగ్గుతున్న పిల్లకు పొత్తు ఇచ్చిందెవరు?"