వెనక్కి తన్నిన హ్యాండిలు

మా కొబ్బరితోటలో నీళ్ళు తోడే ఆయిల్ ఇంజను ఒకటి ఉండేది. నాన్న మొదటిసారి హ్యాండిలు నా చేతికిచ్చిన రోజున, ఇంజను ఇంకా ఊపందుకోకుండానే పైనున్న లీవరు వదిలేశాను. అది వెనక్కి తన్నింది. మణికట్టు వారం రోజులు బూరెలా వాచింది. ఈ ముక్క కాస్త గుర్తుంచుకోండి, నేనైతే శుభ్రంగా మర్చిపోయాను.

ఇంజనీరింగ్ మూడో ఏడాది సెమినార్లో నా అంశం, తేలికపాటి హెలికాప్టర్లకు డీజిల్ ఇంజను. వాదన ముచ్చటగానే ఉంది. రాబిన్సన్ ఆర్22, ఆర్44 లాంటివి సీసం కలిపిన ఏవ్‌గ్యాస్ అనే విమాన పెట్రోలుతో నడుస్తాయి, అది అన్నిచోట్లా దొరకదు. జెట్ ఇంధనం దొరుకుతుంది గానీ చిన్న టర్బైను ఒట్టి తిండిపోతు. అదే ఇంధనాన్ని డీజిల్ ఇంజనుకు పోస్తే పొదుపుగా తాగుతుంది. ఇంకేం, పాతది దింపి ఇది ఎక్కించడమే! సుద్దముక్క కింద పెట్టి చప్పట్ల కోసం చూశాను.

"డీజిల్ తంతుంది కదయ్యా, ఆ తన్నులెవరు తింటారు?" అన్నారు మాస్టారు.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, అర్థం కాక. టర్బైను శక్తి ధారగా వస్తుంది. డీజిల్‌లో సిలిండరు మండినప్పుడల్లా షాఫ్టును మెలిపెట్టే పోటు. పెట్రోలు ఇంజనూ తంతుంది, కానీ దీని తన్ను మరీ మొరటు. ఆ షాఫ్టు అవతల ఉన్నది పంపు కాదు, రోటరును తిప్పే గేర్‌బాక్సు. మండే ఒత్తిడికి తట్టుకోవాలంటే ఇంజను దిట్టంగా ఉండాలి, అంటే బరువు. పైగా హెలికాప్టరు గాల్లో నిలబడిపోతే రేడియేటరుకు ఎదురుగాలి ఉండదు. వీటిలో మొదటి పాఠం నా మణికట్టుకు ఎప్పుడో తెలుసు. బుర్రకే ఎక్కలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. పరువు పోయినవాణ్ని కదా, ఉద్యోగంలో చేరాక ఎవరు ఆ ఊసెత్తినా "జన్మలో ఎగరదు" అని తీర్పులివ్వడం మొదలుపెట్టాను. ఒక మిత్రుడితో వెయ్యి రూపాయల పందెం కూడా కాశాను.

2015 నవంబరు 6న ఫ్రాన్సులోని మారిన్యాన్‌లో ఎయిర్‌బస్ వాళ్ళ హెచ్120 హెలికాప్టరు డీజిల్ ఇంజనుతో ఎగిరింది. 4.6 లీటర్ల వీ8, 440 హార్స్‌పవర్. బరువు తగ్గించడానికి అల్యూమినియం బ్లాకు, టైటానియం కనెక్టింగ్ రాడ్లు. సిలిండర్ల వరసకొక టర్బోచార్జరు, దాంతో ఎండల్లోనూ ఎత్తుల్లోనూ బలం నిలబడుతుంది. నేను కాదన్న ప్రతి మాటకూ అక్కడ ఎవరో కూర్చుని ఓపిగ్గా జవాబు వెతికారు.

మిత్రుడు ఫోన్ చేశాడు. "అది ప్రయోగంరా, అమ్మకానికి వచ్చిందా?" అని దబాయించాను. నిజంగానే రాలేదు.

"పందెం అమ్మడం మీద కాదురా, ఎగరడం మీద" అన్నాడు.

వెయ్యి రూపాయలు ఇంకా బాకీ ఉన్నాను.