కారూర్ మాస్టారి గుడ్డసంచి

కేరళలో కోట్టయం సమీపాన ఏట్టుమానూరులో 1898లో జన్మించి, బడిపంతులుగా జీవితం ఆరంభించి, మలయాళ కథకు ప్రాణప్రతిష్ఠ చేసినవారిలో ఒకడైన కారూర్ నీలకంఠ పిళ్ళైకి చెందిన ఈ గుడ్డసంచి తన పుట్టుకను గురించి చెప్పుకోదగినది స్వల్పం. ముతకనూలు, రెండు పిడులు, ఒక మూలన వదలని సిరామరక, అంతే. తనలో ఏమేమి చేరాయన్నదే దీని అసలు చరిత్ర.

దిద్దవలసిన నోటుపుస్తకాలతోపాటు ఇందులో చేరవలసినది పొతిచోరు, అనగా అన్నాన్నీ దానికి తోడుగా కొబ్బరిపచ్చడి వంటి అధరువునూ అరటాకులో పొట్లం కట్టిన మధ్యాహ్న భోజనం; ఆకును ముందుగా నిప్పుసెగపై ఆడించకపోతే మడతల దగ్గర చీలుతుంది గనుక, ఆ వాడిన ఆకు వాసన అన్నానికే గాక సంచి గుడ్డకు కూడా పట్టి ఉంటుంది. అయితే పొట్లం లేని రోజులు ఈ సంచికి కొత్త కావు. బతకలేక బడిపంతులన్న తెలుగు నానుడి కోట్టయం భాగమైన ఆనాటి తిరువాన్కూరు సంస్థానానికీ అక్షరాలా వర్తిస్తుంది. ఆకలికి తాళలేక విద్యార్థి అన్నం పొట్లాన్ని దొంగిలించి తిన్న ఉపాధ్యాయుణ్ణి చిత్రించిన ‘పొతిచోరు’ కథ చదివినవారికి కోపం ఆ దొంగపై రాదు, అతనికి అంతటి అరకొర జీతమిచ్చిన వ్యవస్థపై వస్తుంది.

ఉపాధ్యాయులను సంఘంగా కూడగట్టబోయి ఒక దశలో ఉద్యోగమే పోగొట్టుకున్న మనిషి కథల్లో నినాదం వినిపించకపోవడాన్ని కొందరు మెతకదనంగా భావించవచ్చు గాని, రాతప్రతులను మోసిన ఈ సంచి ఆ మాటకు ఒప్పుకోదు. జనాభా లెక్కలకు వచ్చిన ఉద్యోగికీ, కొయ్యబొమ్మలు చేసి బతికే యువతికీ నడుమ సంభాషణగా సాగే ‘మరప్పావకళ్’ (కొయ్యబొమ్మలు) కథలో మాట ఎంత నెమ్మదిగా ఉంటే బతుకుభారం అంతగా తెలుస్తుంది.

సంచి నిజంగా బరువెక్కినది 1945 తరువాతనే. ఆ ఏడు కోట్టయంలో పన్నెండుమంది రచయితలు తలా పది రూపాయలు వేసుకుని, 120 రూపాయల మూలధనంతో సాహిత్య ప్రవర్తక సహకరణ సంఘాన్ని, అంటే రచయితలే యజమానులుగా ఉండి తమ పుస్తకాలను తామే ప్రచురించుకునే సహకార సంస్థను నెలకొల్పగా, విమర్శకుడు ఎం.పి. పాల్ అధ్యక్షుడయ్యాడు, కారూర్ కార్యదర్శి అయ్యాడు. అప్పటినుంచి నోటుపుస్తకాల చోటును రసీదులు, అచ్చుచిత్తులు, లెక్కల పద్దులు ఆక్రమించాయి. పుస్తకం వెలలో రచయితకు దక్కే వాటాను రాయల్టీ అంటారు. సంఘం దానిని 30 శాతంగా నిర్ణయించడం, రాత ప్రతిని ఏకమొత్తానికి అమ్ముకుని చేతులు దులుపుకోవడమే తెలిసిన రచయితలకు ఊహకందని సంగతి. పంతుళ్ల జీతం విషయంలో సాధించలేకపోయినదాన్ని కారూర్ రచయితల విషయంలో సాధించాడనీ, ఆకలి కథలకూ ఈ పద్దులకూ మూలం ఒక్కటేననీ ఈ సంచి అభిప్రాయం. 1975లో ఆయన మరణించిన తరువాత కూడా సంఘం కోట్టయం కేంద్రంగా పుస్తకాలు వేస్తూనే వచ్చింది.