షెడ్యూలు నాలుగు గారి సముఖానికి

మహారాజశ్రీ షెడ్యూలు నాలుగు గారి సముఖానికి, గుంటూరు జిల్లాలో పచ్చళ్ళు పట్టి అమ్ముకునే ఒక చిన్న యూనిట్ యజమానురాలు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. మా నీళ్ళు క్షేమం, పరీక్ష రిపోర్టు ఫైల్లో ఉంది. పనివాళ్ళు క్షేమం, ఏటా చేయించే వైద్య పరీక్ష సర్టిఫికెట్లు గోడకి వేలాడుతున్నాయి. పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు కూడా క్షేమమే, ప్రతి సీసా మీదా ఉంది.

తమరు 2006 నాటి ఆహార భద్రతా ప్రమాణాల చట్టం సంతానం. లైసెన్సు నిబంధనల వెంట శుభ్రత నియమాల జాబితాగా వచ్చి 2011 ఆగస్టు 5 నుంచి అమల్లో ఉన్నారు. మొదటి భాగం రిజిస్ట్రేషన్‌తో సరిపోయే చిరువ్యాపారులకి, రెండో భాగం నాలాంటి లైసెన్సుదార్లకి. చదివాను. నిజం చెప్పొద్దూ, పేరు పెట్టడానికి పెద్దగా ఏమీ కనపడలేదు. గోళ్ళు కత్తిరించుకోమన్నారు, తలకి టోపీ పెట్టమన్నారు, గోడలు కడిగితే శుభ్రపడేలా ఉండాలన్నారు. ఇందులో ఏ తప్పుందని గొణుక్కుంటాం? పిల్లి విషయంలోనే కాస్త బాధపడ్డాం. షెడ్డులో పిల్లి తిరిగితే నేరం, పిల్లి లేక ఎలుకలు తిరిగినా నేరమే. బోన్లు కొన్నాం, పిల్లిని మా చెల్లెలింటికి పంపాం.

జారిపడే నగలు వద్దన్న దగ్గర మాత్రం చిన్న పంచాయితీ జరిగింది. "అక్కా, గాజులు తీసేసి పనిచేశానని తెలిస్తే మా అత్త నన్ను బతకనిస్తుందా?" అంది ముక్కలు తుడిచే అమ్మాయి. పుస్తెలతాడు జారిపడే నగ కిందికి వస్తుందా రాదా అని ఇంకొకామె సందేహం. దీని మీద తమరు ఏమీ సెలవివ్వలేదు. పుస్తెలు జాకెట్టు లోపలికి, గాజులు మోచేతి దాకా ఎగదోసి, మీద పొడుగు చేతుల కోటు. అలా రాజీ కుదిరింది. తనిఖీకి వచ్చినాయన చూసి కూడా ఏమీ అనలేదు. ఆయనకీ ఇల్లుంది కదా.

ఆయన ఆ రోజు మా షెడ్డులో ఉన్నంతసేపూ రిజిస్టర్లు తిరగేశారు. కడిగిన రిజిస్టరు, ఎలుకల మందు రిజిస్టరు, టోపీల రిజిస్టరు. మూలనున్న కారం బస్తా వైపు మాత్రం చూపు పోలేదు. నా విన్నపమంతా ఆ బస్తా గురించే.

తమరి దాయాది ఒకరున్నారు, ఉత్పత్తి ప్రమాణాల నిబంధనలని. నూనె పచ్చడిలో ముక్కల మీద కనీసం అర సెంటీమీటరు నూనె తేలాలి, లేదా మొత్తంలో నూనె 10 శాతానికి తగ్గకూడదు అని వారి ఆజ్ఞ. రాసినవారెవరో గానీ ఆవకాయ ఎరిగినవారే. మూడో రోజు తిరగకలిపినప్పుడు నూనె పైకి రాకపోతే ఇంకో గిద్దెడు పోయడం మాకు అలవాటే, వారు దానికి స్కేలు పెట్టారు. అయితే ఆ అర సెంటీమీటరు ఎంత ఎర్రగా ఉంటే సీసా అంత తొందరగా అమ్ముడుపోతుంది. కొనేవాళ్ళు మూత తీయరు, వాసన చూడరు, గాజులోంచి ఆ ఎరుపే చూస్తారు. కారం ఆడించేవాళ్ళకీ ఈ సంగతి తెలుసు.

మిర్చి యార్డులో తాలు కాయలని ఉంటాయి. రంగు పోయి తెల్లబారినవి, బూజు తగిలినవి. వాటికి విడిగా, తక్కువ రేటు. వాటిని ఆడించి ఎరుపు తేవాలంటే రంగు కలపాలి. సుడాన్ అనే రంగు ఉంది, బూట్ల పాలిష్‌కీ మైనానికీ వాడుకునేది. తిండిలో దానికి అనుమతి లేదు. 2003లో మన దేశం నుంచి వెళ్ళిన కారంలో అది బయటపడ్డాక, లేదని పరీక్ష కాగితం చూపిస్తేనే మిరప సరుకు రానిస్తామంది ఐరోపా సంఘం. 2005లో బ్రిటన్‌లో ఒక సాసులో పడిన కారం పుణ్యాన వందల రకాల సరుకులు కొట్లలోంచి వెనక్కి తీశారు. గ్లాసు నీళ్ళలో చిటికెడు కారం చల్లి చూడమంటారు గదా, అది నీళ్ళలో కరిగే రంగులకే పనికొస్తుంది. సుడాన్ నూనెలో కరుగుతుంది. అంటే నీళ్ళలో బుద్ధిగా ఉండి, నా సీసాలో ఆ అర సెంటీమీటరు దగ్గరికొచ్చి నిగనిగలాడుతుంది. చూసినవాళ్ళు నన్ను మెచ్చుకుంటారు.

ఆవాలూ అంతే. బ్రహ్మదండి గింజ పక్కన పెడితే ఆవగింజకి తోబుట్టువులా ఉంటుంది. 1998లో ఢిల్లీలో ఆ గింజల నూనె కలిసిన ఆవనూనె తిని కాళ్ళు వాచి అరవై మందికి పైగా పోయారు. వాళ్ళ ఇళ్ళల్లో వండినవాళ్ళు చేతులు కడుక్కునే వండి ఉంటారు.

దీని గురించి తమరు చెప్పింది మళ్ళీ చదివాను. పురుగులు, విషపదార్థాలు, శుద్ధి చేసినా పోని మలినాలు ఉన్నాయని తెలిసిన ముడిసరుకు తీసుకోకూడదట. తెలిసిన! ఎలా తెలుస్తుందండీ? బస్తా బస్తాకీ ల్యాబ్‌లో పరీక్ష చేయించాలంటే పచ్చడి మీద వచ్చే లాభం ల్యాబ్‌కే చాలదు. సరుకు అమ్మినవాడు ఫారం ఇ కింద, బిల్లు మీదైనా సరే, హామీ ఇవ్వాలని నిబంధన ఉంది కదా అని ఒక మిల్లులో అడిగాను. "బిల్లుకైతే ఒక రేటు, లేకపోతే ఒక రేటు, మీ ఇష్టమమ్మా" అన్నాడు. హామీ విలువ కిలోకి ఎంతో అలా తెలిసింది.

ఇప్పుడు తొడిమతో ఉన్న కాయే కొని, తొడిమలు తీయించి మా మరలోనే ఆడిస్తున్నాం. రంగు భయం తీరింది. కల్లం భయం తీరలేదు. నేల మీద ఆరబోసిన కాయ మీద వాన చినుకు పడితే బూజు, బూజు నుంచి అఫ్లటాక్సిన్. ఉప్పుకి చావదు, నూనెకి చావదు, పోపు వేడికీ లొంగదు. అందులో బి1 అనే రకం కిలో మిరపలో 5 మైక్రోగ్రాములు దాటితే ఐరోపా గుమ్మంలోనే ఆపేస్తుంది. ఆగిన సరుకు ఏ వంటింటికి చేరుతుందో తమరే ఊహించుకోవాలి.

కాబట్టి వేడుకునేది ఒక్కటే. మా టోపీలు చూడండి, గోళ్ళు చూడండి, కాదనం. అంతకు ముందు మిల్లు దగ్గర ఒక పూట ఆగండి. ఆడుతున్న కారంలోంచి నమూనా తీయించండి. ఫలితాన్ని ఫైల్లో పడుకోబెట్టకుండా ఆ మిల్లులో కొనే మాలాంటివాళ్ళకి తెలియనివ్వండి. చెడ్డదని తెలిసిన సరుకు తీసుకోనని నేను రాసిస్తాను, ముందు తెలిసే దారి తమరు చూపించాలి.

మా షెడ్డుకి ఎప్పుడైనా దయచేయవచ్చు, కబురు అక్కర్లేదు. లోపలికి వచ్చేవారు కూడా టోపీ, కోటు వేసుకోవాలని తమరే సెలవిచ్చారు గనక అవి గుమ్మం పక్కనే పెట్టించాం. పేరు, వేళ రాసి సంతకం చేయండి. కారం బస్తా కుడివైపు మూలలో ఉంటుంది.

ఇట్లు,
తమరి రెండో భాగం కిందికి వచ్చే ఒక పచ్చళ్ళ యజమానురాలు